నెట్ లేని గదిలోనూ నడిచే సాధనాలు: ఉపాధ్యాయుల ప్రశ్నలకు జవాబులు

తరగతి గదిలో ఉపయోగపడే ఆన్‌లైన్ సాధనాల గురించి ఉపాధ్యాయులు తమ సందేహాలు రాయవచ్చని గత సంచికలో కోరాము. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బందిని చెప్పాయి: పరికరం ఉన్న చోట నెట్ నిలకడగా లేదు, నెట్ ఉన్న చోట దేన్ని ఎందుకు వాడాలో చెప్పేవారు లేరు. అందుకే ఈ నెల జవాబుల్లో, ఇంట్లోనే దించుకుని పెన్‌డ్రైవ్‌లోనో ఫోన్‌లోనో వేసుకుని బడికి తీసుకువెళ్లగలిగిన వాటికీ, పిల్లల చేతికి ఫోన్ ఇవ్వనవసరం లేని వాటికీ మొదటి చోటు ఇచ్చాను. ఇక్కడ చెప్పినవన్నీ డబ్బు కట్టకుండా మొదలుపెట్టగలిగినవే.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాలలో గోడకు పెద్ద టచ్ ప్యానెల్ బిగించారు. పాఠానికి తగిన యూట్యూబ్ వీడియోలు వేస్తున్నాను. పిల్లలు సినిమా చూసినట్లు కదలకుండా చూస్తారు, మరునాడు అడిగితే ఒక్కరూ చెప్పలేరు. పైగా మధ్యాహ్నం దాటితే నెట్ ఆగిపోతుంది. ఏమి చేయమంటారు?
– భౌతిక రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు, పుత్తూరు

జవాబు: వీడియోలో లోపం లేదు గానీ, అందులో పిల్లవాడు చేయవలసిన పని ఏదీ ఉండదు. తెర మీద ఏమి జరగబోతుందో ముందుగా ఊహించి, ఆ ఊహను నోటుపుస్తకంలో రాసి, తరువాత అది నిజమో కాదో చూసుకునే అవకాశం ఉన్నప్పుడే పాఠం మరునాటి దాకా నిలుస్తుంది. ఆ పనికి ఫెట్ అనుకరణలు, అంటే ప్రయోగాన్ని తెర మీదే చేసి చూసే కంప్యూటర్ నమూనాలు, బాగా సరిపోతాయి. 2001లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఒకరైన కార్ల్ వీమన్, ఆ మరుసటి ఏడాది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పథకం ఇది. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలకూ గణితానికీ సంబంధించిన అనుకరణలు అక్కడ ఉచితంగా దొరుకుతాయి, కొన్నింటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి.

పదో తరగతి విద్యుత్ ప్రవాహం పాఠాన్నే తీసుకుందాము. బల్బు గుండా వెళ్లిన కరెంటులో కొంత బల్బులోనే ఖర్చయిపోతుందని, అందువల్ల తిరిగి వచ్చే తీగలో తక్కువ ఉంటుందని నమ్మే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. చాలామంది పెద్దలు కూడా అలాగే అనుకుంటారు. డీసీ వలయాల అనుకరణ తెరిచి, 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓముల బల్బు ఒకటి కలపండి. అమ్మీటరును బల్బుకు ముందు పెడితే 0.9 ఆంపియరు చూపుతుంది. ఇక్కడ ఆగండి. దాన్ని బల్బు దాటిన తరువాత పెడితే ఎంత చూపుతుందో ప్రతి ఒక్కరినీ రాయమనండి. పక్కవాడి పుస్తకం చూడనివ్వకండి. రాసిన తరువాతే అమ్మీటరును జరపండి. మళ్లీ 0.9 కనిపించినప్పుడు తరగతిలో వచ్చే గుసగుసే మీకు కావలసినది. తరువాత ఇంకో బల్బును శ్రేణిలో కలిపితే ప్రవాహం 0.45కు పడిపోతుంది, సమాంతరంగా కలిపితే బ్యాటరీ దగ్గర 1.8 అవుతుంది. ఈ రెండింటినీ కూడా ముందు ఊహించమని, తరువాతే చూపండి. తీగతో బ్యాటరీ రెండు కొనలనూ నేరుగా కలిపితే తెర మీద మంట వస్తుంది. ఇంట్లో ప్లగ్గులో తీగలు పెట్టే పిల్లలకు ఆ మంటను అక్కడే చూపించడం మంచిది.

అనుకరణ పేజీలో ఉన్న డౌన్‌లోడ్ గుర్తు నొక్కితే ఒక్క ఫైలుగా దిగుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బ్రౌజర్‌లో తెరిస్తే నెట్ లేకుండానే నడుస్తుంది. అయితే మీ ప్యానెల్ దాన్ని తెరుస్తుందో లేదో ముందు రోజు సాయంత్రమే చూసుకోండి. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. ఒకసారి ఒక పాఠశాలలో నమూనా పాఠం చెప్పడానికి వెళ్లి, నెట్ మీద నమ్మకంతో ఏదీ దించుకోకుండా నిలబడ్డాను. నలభై మంది పిల్లలు తిరుగుతున్న చక్రం గుర్తును చూస్తూ కూర్చోగా ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. ఆ రోజు నుంచి పెన్‌డ్రైవ్ లేకుండా ఏ తరగతికీ వెళ్లలేదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. అనుకరణ చూపించామని అసలు ప్రయోగం మానకూడదు. తెర మీద చూసిన మరుసటి పీరియడ్‌లో రెండు టార్చి బల్బులు, రెండు సెల్లులు, కాస్త తీగ పిల్లల చేతికి ఇవ్వండి. అసలు తీగ వదులుగా ఉంటే బల్బు వెలగదు, అసలు సెల్లు కాసేపటికి నీరసిస్తుంది, అనుకరణలో ఇవి జరగవు. ఆ తేడాను పిల్లలే కనిపెట్టి చెప్పాలి.

ఫోన్‌నే కొలత పరికరంగా వాడుకోవాలనుకుంటే ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు తయారుచేసినది. అందులో శబ్దంతో మొదలై శబ్దంతో ఆగే గడియారం ఉంటుంది. గాలి ఊదిన బెలూనుకు ఒక బరువు కట్టి, ఆ బరువు నేల మీది స్టీలు పళ్లేనికి సరిగ్గా ఒక మీటరు ఎత్తున ఉండేలా వేలాడదీయండి. బెలూను పగిలిన శబ్దానికి గడియారం మొదలవుతుంది, బరువు పళ్లెం మీద పడిన శబ్దానికి ఆగుతుంది. సుమారు 0.45 సెకను వస్తుంది. ఎత్తును రెండింతలు చేసి కాలం వర్గంతో భాగిస్తే గురుత్వ త్వరణం 9.8కి దగ్గరగా తేలుతుంది. పుస్తకంలో కంఠస్థం చేసిన అంకె తమ పళ్లెంలో నుంచి వచ్చినప్పుడు పిల్లల ముఖాలు చూడండి.

ప్రశ్న: గణితంలో జియోజీబ్రా వాడమని శిక్షణలో చెప్పారు గానీ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పలేదు. మా బడిలో ప్యానెల్ లేదు, ఒక టీవీ ఉంది.
– గణిత స్కూల్ అసిస్టెంట్, పలమనేరు

జవాబు: టీవీ చాలు. ఫోన్‌లో యాప్ ఒకసారి వేసుకుంటే నెట్ లేకుండా పనిచేస్తుంది, ఫోన్ తెరను టీవీకి కలిపితే సరిపోతుంది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో తన చదువులో భాగంగా ప్రారంభించిన ఈ సాధనం బలమంతా ఒక్కచోట ఉంది: గీసిన బొమ్మను పట్టుకుని లాగవచ్చు. నల్లబల్ల మీద మనం గీసే త్రిభుజం ఎప్పుడూ ఒకే రకంగా ఉంటుంది, ఎక్కువసార్లు సమబాహు త్రిభుజంలాగే ఉంటుంది. అందుకే వంకర త్రిభుజం కనపడగానే పిల్లలు తడబడతారు. ఇక్కడ శీర్షాన్ని లాగుతూ పోతే వేల త్రిభుజాలు కళ్ల ముందు కదులుతాయి, కోణాల మొత్తం మాత్రం 180 దగ్గరే నిలిచి ఉంటుంది. అర్ధవృత్తంలోని కోణం కూడా అంతే, బిందువును చాపం మీద ఎటు జరిపినా లంబకోణం చెదరదు.

మొదలుపెట్టడానికి పదో తరగతి బహుపదుల పాఠాన్ని సూచిస్తాను. ఎక్స్ వర్గం మైనస్ రెండు ఎక్స్ ప్లస్ సి అనే వర్గ బహుపదికి రేఖాచిత్రం గీసి, సి విలువకు ఒక స్లైడరు పెట్టండి. సి మైనస్ 3 అయినప్పుడు పరావలయం అడ్డ అక్షాన్ని మైనస్ 1 దగ్గర, 3 దగ్గర ఖండిస్తుంది. స్లైడరును నెమ్మదిగా కుడివైపు జరిపితే వక్రం పైకి లేస్తుంది, రెండు శూన్యాలూ ఒకదానికొకటి దగ్గరవుతాయి, సి 1 అయినప్పుడు రెండూ కలిసి ఒక్క బిందువవుతాయి, 2 అయ్యేసరికి వక్రం అక్షాన్ని వదిలి పైన తేలుతుంది. శూన్యాలు ఎన్నో తెలిపే విచక్షణి ధనాత్మకం, సున్న, ఋణాత్మకం అని మూడు వాక్యాలుగా బట్టీ పట్టించే విషయం అర నిమిషంలో కంటి ముందు జరుగుతుంది. స్లైడరు జరిపే పనిని మీరు కాకుండా వెనక బెంచీ పిల్లవాడికి అప్పగించండి.

ప్రశ్నపత్రాల్లో బొమ్మలకు కూడా ఇదే వాడండి. చేతితో గీసి ఫొటో తీసిన బొమ్మలు జిరాక్సులో మసకబారతాయి. ఇందులో గీసి చిత్రంగా దాచుకుంటే గీత స్పష్టంగా వస్తుంది.

ప్రశ్న: పాఠ్యపుస్తకాల్లో ఉన్న క్యూఆర్ కోడ్‌ల వల్ల ప్రయోజనం ఉందా?
– ఉపాధ్యాయిని, పాకాల

జవాబు: ఉన్నది. 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన దీక్ష వేదికలోని పాఠాలకు అవి దారులు. యాప్‌లో కోడ్‌ను స్కాన్ చేసి, కావలసిన అంశాన్ని ఇంటి దగ్గరే దించుకుంటే బడిలో నెట్ లేకుండా చూపవచ్చు. అన్ని అంశాలూ ఒకే నాణ్యతతో ఉండవు కనుక, చూడకుండా తరగతిలో నేరుగా వేయకండి. నెట్ అసలే లేని ఊళ్లలోని పిల్లలకు పీఎం ఈ-విద్య టీవీ చానళ్ల గురించి చెప్పండి.

ప్రశ్న: మాది ఒకే ఉపాధ్యాయుడున్న ప్రాథమిక పాఠశాల. పిల్లల్లో కొందరి ఇళ్లలో తమిళం, కొందరి ఇళ్లలో కన్నడం మాట్లాడతారు. పాఠ్యపుస్తకం తప్ప చదవడానికి వేరే పుస్తకం లేదు.
– ఎస్‌జీటీ, కుప్పం

జవాబు: మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న మీ ఊరి పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉండడం లోపం కాదు, దాన్ని పాఠంలోకి తీసుకురావడానికి చక్కని సాధనం ఉంది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం నాడు, స్టోరీవీవర్ అనే ఉచిత కథల వేదికను తెరిచింది. అక్కడి బొమ్మల కథలను చదవవచ్చు, దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, మరో భాషలోకి అనువదించి చేర్చవచ్చు. రచయిత పేరు, చిత్రకారుల పేరు చెబితే చాలు, అనుమతి కోసం ఎవరికీ రాయనవసరం లేదు. కథలను పఠన స్థాయిలుగా విడదీశారు కనుక ఒకే గదిలో కూర్చున్న ఒకటో తరగతి పిల్లకూ ఐదో తరగతి పిల్లవాడికీ వేరువేరు కథలు ఇవ్వడం మీవంటి బడికి సులువు.

మీరు చేయవలసినది ఇది. తెలుగులోనూ తమిళంలోనూ కన్నడంలోనూ ఉన్న ఒకే కథను ఎంచుకోండి. నలుపు తెలుపులో అచ్చు వేసినా బొమ్మలు తెలుస్తాయి. ఎనిమిది పేజీల కథకు కాగితాలు రెండు వైపులా వాడితే నాలుగు చాలు. తమిళం ఇంటి భాష అయిన పిల్లవాడు ఆ కథను ముందు తన భాషలో విని రావాలి. ఇంట్లో చదివే పెద్దవాళ్లు లేకపోతే ఆ భాష చదవగలిగిన పై తరగతి పిల్లవాడితో చదివించండి. కథ తెలిసిన తరువాత తెలుగు ప్రతి చేతికి ఇస్తే, అర్థం ముందే తెలుసు కనుక పిల్లవాడు అక్షరాల మీద దృష్టి పెట్టగలుగుతాడు. ఇలా పది కథలు పూర్తయ్యేసరికి మీ దగ్గర ఒక చిన్న గ్రంథాలయం తయారవుతుంది, కుట్టు వేసి అట్ట అంటించే పని పిల్లలకే ఇష్టం.

నెట్‌తో సంబంధం లేని ఒక మాట కూడా చెప్పాలి. మీ దగ్గరలోని గుడివంకలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ వారి 172 ఎకరాల విజ్ఞాన ప్రాంగణం ఉంది. వాళ్ల సంచార ప్రయోగశాలలు బళ్లకు వస్తాయి. తెర మీద నూరు చూపించే కన్నా ఆ వాహనం ఒక పూట మీ బడి ముందు ఆగితే మేలు, అడిగి చూడండి.

ప్రశ్న: ప్రశ్నపత్రం ఇంట్లో టైపు చేసి డీటీపీ దుకాణానికి పంపితే అక్షరాలన్నీ చిందరవందరగా వస్తున్నాయి. వాళ్లు పంపిన ఫైలు నా ఫోన్‌లో తెరిస్తే ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తున్నాయి. లోపం ఎవరిది?
– తెలుగు పండితుడు, శ్రీకాళహస్తి

జవాబు: లోపం మీదీ కాదు, ఆ దుకాణం వారిదీ కాదు, మీ ఇద్దరి కంప్యూటర్లలో తెలుగు రెండు పద్ధతుల్లో ఉంది. అచ్చు పనిలో చాలాకాలంగా వాడుతున్న అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలను కూర్చుతాయి. ఆ ఫాంటు లేని యంత్రానికి అవి ఇంగ్లిషు గుర్తులే. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది కనుక ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది, ఒక ఏడాది ప్రశ్నపత్రం మరుసటి ఏడాదికి పనికివస్తుంది. మీరు యూనికోడ్‌లోనే ఉండండి, దుకాణానికి మాత్రం పీడీఎఫ్‌గా మార్చి పంపండి. పీడీఎఫ్‌లో అక్షరం కదలదు.

టైపు చేయడానికి మూడు దారులు ఉన్నాయి. ఫోన్‌లో జీబోర్డు తెలుగు కీబోర్డు వేసుకోవచ్చు. కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరాలతో రాస్తే తెలుగుగా మార్చే లేఖిని ఉంది. రోజూ రాసేవారైతే ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అమరిక నేర్చుకోండి. మొదటి రెండు వారాలు విసుగు పుట్టిస్తుంది గానీ, అచ్చులూ గుణింతాలూ ఒకవైపు, హల్లులు మరోవైపు ఉన్న ఆ అమరిక వర్ణమాల తెలిసిన మీవంటి వారి చేతికి త్వరగా పట్టుబడుతుంది. మాట్లాడితే రాసే సౌకర్యం వచనానికి బాగుంటుంది, పద్యానికి వాడవద్దు, సంధి కలిసిన చోటల్లా మాటను తనకు తోచినట్లు విరుస్తుంది. అచ్చులో ఉన్న పాత ప్రశ్నపత్రాన్ని మళ్లీ కొట్టనవసరం లేదు, గూగుల్ లెన్స్‌తో ఫొటో తీస్తే అక్షరాలుగా మారుతుంది, ఒత్తులు మాత్రం ఒకసారి సరిచూసుకోవాలి.

ఒక చిన్న సంగతి చాలామందిని విసిగిస్తుంది. పెన్‌డ్రైవ్, ఫేస్‌బుక్ వంటి మాటల్లో పొల్లు తరువాతి హల్లు కిందికి దిగి ఒత్తుగా మారిపోతుంది. వాటి మధ్య కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి పెట్టాలి. మీ కీబోర్డులో అది ఎక్కడ ఉందో ఒకసారి తెలుసుకుంటే ఆ తరువాత ఆ బాధ ఉండదు.

అక్షర సౌందర్యం కోసం, సిలికానాంధ్ర వారు ఉచితంగా అందించిన యూనికోడ్ ఫాంట్లు చూడండి. రామభద్ర, మండలి, గిడుగు మొదలైన పేర్లతో ఉన్న వాటిలో మీ ఊరి కవి ధూర్జటి పేరుతోనూ ఒకటి ఉంది. అది శీర్షికకు నప్పుతుంది, ప్రశ్నలకు వాడితే చిన్న పిల్లలు చదవలేరు. పద్యాల అర్థాలకూ పర్యాయపదాలకూ ఆంధ్రభారతి నిఘంటు శోధన నా రోజువారీ సాధనం. 1852లో అచ్చయిన బ్రౌను తెలుగు–ఇంగ్లిషు నిఘంటువుతో పాటు శబ్దరత్నాకరం మొదలైన అనేక నిఘంటువుల్లో ఒకేసారి వెతికి చూపిస్తుంది. పదో తరగతి పిల్లలకు వారానికి ఒక పదం ఇచ్చి, నిఘంటువుల్లో దాని అర్థాలు ఎలా తేడాగా ఉన్నాయో రాసుకు రమ్మనండి.

ప్రశ్న: పాఠం అర్థమైందా అంటే అందరూ అర్థమైందనే అంటారు. తరగతిలో నలభై ఐదు మంది. పిల్లలకు ఫోన్లు ఇవ్వడానికి లేదు. ఎవరికి అర్థం కాలేదో అప్పటికప్పుడు తెలుసుకునే దారి ఉందా?
– జీవశాస్త్ర ఉపాధ్యాయిని, చిత్తూరు

జవాబు: ప్లికర్స్ అనే సాధనం సరిగ్గా మీ కోసమే ఉన్నట్లుంటుంది, ఎందుకంటే ఫోన్ మీ ఒక్కరి దగ్గర ఉంటే చాలు. పిల్లల చేతిలో ఉండేది కాగితం కార్డు. 63 మంది వరకూ సరిపోయే కార్డులు వాళ్ల సైటు నుంచే దించుకుని అచ్చు వేసుకోవచ్చు. ప్రతి కార్డు మీదా ఒక నల్లని ముద్ర, దాని నాలుగు వైపులా చిన్న అక్షరాల్లో ఏ, బీ, సీ, డీ ఉంటాయి. తాను అనుకున్న జవాబు పై వైపుకు వచ్చేలా పిల్ల కార్డును పట్టుకుంటుంది. మీరు ఫోన్ కెమెరాను గది అంతటా నెమ్మదిగా తిప్పితే ఏ నంబరు పిల్ల ఏ జవాబు ఎంచుకుందో మీ తెర మీద పడుతుంది. ముద్రలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి కనుక పక్కవాళ్ల కార్డు చూసి ప్రయోజనం లేదు. చేయి ఎత్తడానికి సిగ్గుపడే పిల్ల మొదటిసారి తన జవాబు చెప్పేది ఇలాగే. మీ ఫోన్‌లో డేటా ఉంటే చాలు. ఉచిత ఖాతాలో ప్రశ్నల సంఖ్యకు పరిమితి ఉంటుంది గానీ ఒక పీరియడ్‌కు రెండు మూడు ప్రశ్నల కన్నా అవసరం కూడా లేదు. కార్డులకు మెరిసే ల్యామినేషన్ చేయించవద్దు, ట్యూబులైటు వెలుగు పడితే కెమెరా చదవలేదు.

ఫలితం వచ్చాక ఏమి చేయాలన్నది అసలు విషయం. రాత్రిపూట మొక్క శ్వాసక్రియలో తీసుకునే వాయువు ఏది అని అడిగి చూడండి, కార్బన్ డయాక్సైడ్ అన్నవారు ఎందరో తేలుతారు. అప్పుడు సరైన జవాబు చెప్పకండి. పక్కన కూర్చున్న వారితో రెండు నిమిషాలు వాదించుకోమని, మళ్లీ కార్డులు ఎత్తించండి. హార్వర్డ్‌లో భౌతిక శాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. తరగతిలో దాదాపు అందరూ మొదటిసారే సరిగా చెబితే ముందుకు వెళ్లండి, దాదాపు అందరూ తప్పు చెబితే వాదన వల్ల లాభం లేదు, పాఠం మళ్లీ చెప్పాలి. సగం సగం ఉన్నప్పుడే ఈ చర్చ పండుతుంది.

ప్రశ్న: సాంఘిక శాస్త్రంలో పటం తప్ప చూపించడానికి ఏమీ లేదనిపిస్తుంది. ఖగోళ విషయాలు చెప్పడం మరీ కష్టంగా ఉంది.
– సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, చంద్రగిరి

జవాబు: ఉపగ్రహ చిత్రాలు చూపే ఇస్రో వారి భువన్, గూగుల్ ఎర్త్ రెండూ మీకు కావాలి. దూర దేశపు నది కాకుండా స్వర్ణముఖితో మొదలుపెట్టండి. పాకాల వైపు కొండల నుంచి చంద్రగిరి మీదుగా, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి బంగాళాఖాతంలో కలిసే దాకా పిల్లల వేలితోనే నదిని నడిపించండి. ఎక్కడ ఇసుక తెల్లగా కనిపిస్తున్నది, ఎక్కడ పొలాలు పచ్చగా ఉన్నాయి, ఎక్కడ ఇళ్లు నది గట్టు దాకా వచ్చాయి అని అడగండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు చూసే వీలుంది. తిరుపతి శివార్లలో ఒకే చోటును ఏళ్ల తేడాతో చూపిస్తే నగరీకరణ పాఠం సగం అక్కడే అయిపోతుంది.

ఆకాశానికి, నక్షత్రాలను తెర మీద చూపే స్టెల్లేరియం అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఒకసారి వేసుకుంటే నెట్ అక్కరలేదు. స్థలం తిరుపతి అని పెట్టి ఉత్తర దిక్కు చూడండి. మన అక్షాంశం సుమారు 13.6 డిగ్రీలు కనుక ధ్రువ నక్షత్రం ఉత్తర దిగంతం నుంచి అంతే ఎత్తులో ఉంటుంది. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు, కాబట్టి ఒక పిడికిలికి కాస్త పైన వెతకమని పిల్లలకు ఇంటి పని ఇవ్వండి. అక్షాంశం అనే మాటను ఇంతకన్నా తేటగా చెప్పే దారి నాకు తెలియదు. ఏప్రిల్ చివరి వారంలోనూ ఆగస్టు మధ్యలోనూ మన ప్రాంతంలో ఒక్కొక్క రోజు మధ్యాహ్నం నిట్టనిలువు కర్రకు నీడ కనిపించదు. సరైన తేదీ, సమయం తెలుసుకోవడానికి ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి జీరో షాడో డే యాప్ ఉంది. ఏప్రిల్‌లో సెలవులు వచ్చినా ఆగస్టులో బడి ఉంటుంది. ఒక స్టీలు గ్లాసును ఆవరణలో బోర్లించి అందరినీ చుట్టూ నిలబెట్టండి.

ప్రశ్న: పాఠ్య ప్రణాళికలు, ప్రశ్నలు కృత్రిమ మేధతో రాయించుకోవడం సరైనదేనా? మా సహోద్యోగుల్లో కొందరు పూర్తిగా దాని మీదే ఆధారపడుతున్నారు.
– ఉపాధ్యాయిని, నగరి

జవాబు: సహాయకుడిగా సరైనదే, గురువుగా కాదు. బహుళైచ్ఛిక ప్రశ్నలకు నమ్మదగినట్లు కనిపించే తప్పు జవాబులు తయారుచేయడం, ఒకే సమస్యను మూడు స్థాయిల్లో మార్చి ఇవ్వడం, ఇంగ్లిషులో ఉన్న ప్రయోగ వివరణకు తెలుగు చిత్తుప్రతి ఇవ్వడం వంటివి అది త్వరగా చేస్తుంది. ఆ చిత్తును మీరు పాఠ్యపుస్తకం పారిభాషిక పదాలతో సరిచేయాలి, లేకపోతే పిల్లలు పుస్తకంలో ఒక మాట, ప్రశ్నలో ఒక మాట చూసి తికమకపడతారు.

తెలుగు సాహిత్యం విషయంలో చాలా జాగ్రత్త కావాలి. స్నేహం మీద ఒక వేమన పద్యం ఇవ్వమని నేను ఒక సాధనాన్ని అడిగాను. చివర మకుటం పెట్టి నాలుగు పాదాలు ఇచ్చింది, చదవడానికి నీతిగానే ఉంది. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి, రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే ఉండాలి. గురులఘువులు వేసి చూస్తే మకుటం తప్ప ఒక్క పాదమూ నిలవలేదు. వేమన ఏనాడూ చెప్పని పద్యం అది. గణవిభజన తెలియని వారు దాన్ని నేరుగా ప్రశ్నపత్రంలో పెట్టి ఉండేవారు. మీ పదో తరగతి పిల్లలకు అలాంటి ఒక పద్యం ఇచ్చి, ఎక్కడ తప్పిందో గణవిభజన చేసి కనిపెట్టమనండి, ఛందస్సుకు అంతకన్నా మంచి అభ్యాసం దొరకదు.

పిల్లల పేర్లు, మార్కులు, ఫొటోలు, ఇంటి పరిస్థితులు మాత్రం అలాంటి ఏ సాధనంలోనూ ఎక్కించవద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. చట్టం మాట అటుంచినా, వెనకబడ్డ పిల్ల గురించి మీరు రాసుకునే మాటలు మీ డైరీలోనే ఉండాలి.

ప్రశ్న: మా ఎనిమిదో తరగతిలో చూపు చాలా తక్కువగా ఉన్న అబ్బాయి ఉన్నాడు. చురుకైనవాడు. పక్కవాళ్లు చదివి వినిపిస్తేనే చదువుతాడు. ఖరీదైన యంత్రాలు కొనలేము.
– తరగతి ఉపాధ్యాయిని, బంగారుపాళ్యం

జవాబు: కొననవసరం లేదమ్మా. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే తెర చదివే సౌకర్యం ముందే ఉంటుంది, సెట్టింగ్స్‌లో తెలుగు గొంతును ఎంచుకుంటే తెర మీది తెలుగును చదువుతుంది. బడి కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేయండి. చూపు లేని మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు 2006లో తనవంటి వారి కోసం మొదలుపెట్టినది. అందులోని తెలుగు గొంతు మొదట యాంత్రికంగా వినిపిస్తుంది, అలవాటైన పిల్లలు మనం అందుకోలేని వేగంతో వింటారు.

మీరు మార్చుకోవలసిన అలవాటు ఒకటి ఉంది. నోట్సును, కృత్యపత్రాలను ఫొటో తీసి పంపితే ఈ సాధనాలు సాధారణంగా చదవలేవు, వాటికి అది ఒక బొమ్మ మాత్రమే. శ్రీకాళహస్తి పండితులకు పైన చెప్పిన పాత ఫాంట్ల ఫైళ్లను తెరిస్తే అర్థం లేని ఇంగ్లిషు ముక్కలు వినిపిస్తాయి. యూనికోడ్‌లో టైపు చేసిన అక్షరాలుగానే పంపండి, బొమ్మ ఉన్న చోట దాని కింద ఒక వాక్యంలో బొమ్మలో ఏముందో రాయండి. ఒక ఇయర్‌ఫోన్ కొనివ్వండి, అతణ్ణి మొదటి బెంచీలో అందరితో పాటే కూర్చోబెట్టండి. రానున్న యూనిట్ పరీక్ష ప్రశ్నపత్రాన్ని ఆ రూపంలో ఒకసారి తయారుచేసి, పరీక్షకు వారం ముందు పాత ప్రశ్నలతో అతని చేత చదివించి చూసుకోండి. ఎక్కడ తడబడుతుందో అతనే మీకు చెబుతాడు.